పాపువా న్యూ గినీలో మిషన్ పైలట్ రోజు ఎలా గడుస్తుంది?

కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చిందనీ, మిషన్ విమానాలు నడపాలన్నది చిన్నప్పటి కోరిక అనీ, అయితే అక్కడి పైలట్‌కు ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పేవారు ఇంతవరకు దొరకలేదనీ మీరు రాశారు. దానికి ఎంత ధైర్యం కావాలి, ఇంట్లో అమ్మగారి భయానికి ఏమని జవాబు చెప్పాలి అని కూడా అడిగారు. నేను ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పాపువా న్యూ గినీలో మౌంట్ హేగన్ పట్టణం కేంద్రంగా పదకొండేళ్లు ఒక క్రైస్తవ విమాన సేవలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా క్యారవాన్ అనే చిన్న విమానం నడిపాను. ఆ అనుభవంతో ముందే ఒక మాట చెబుతాను: ఆ పైలట్ రోజులో ఎక్కువ భాగం తూకం వేయడంలోనూ, వెళ్లకూడని చోటికి వెళ్లకుండా ఉండాలని నిర్ణయించుకోవడంలోనూ గడుస్తుంది. మిగిలిన నైపుణ్యాలన్నీ ఆ రెండింటి తరువాతే వస్తాయి. ఇది మొదటి రోజే నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది కాబట్టి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

అక్కడ విమానం ఎందుకు అవసరమో తెలియకపోతే ఆ పని అర్థం కాదు. దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి కొండప్రాంతానికి ఈనాటికీ రోడ్డు లేదు. తూర్పు తీరంలోని లే పట్టణం నుంచి హేగన్ దాకా ఒక రహదారి ఉంది. దానికి పడమరన, ఉత్తరాన ఉన్న లోయల్లో అనేక గ్రామాలకు కాలిబాటే గతి. విల్‌హెల్మ్ శిఖరం ఎత్తు 4,509 మీటర్లు, హేగన్‌కు దగ్గరలోనే ఉన్న గిలువే 4,367 మీటర్లు. ఇంతటి కొండల మధ్య ఒక్కొక్క లోయ ఒక్కొక్క లోకంగా మిగిలిపోయినందువల్లనే ఆ దేశంలో ఎనిమిది వందలకు పైగా భాషలు నిలిచాయి. బంగారం వెతుక్కుంటూ వెళ్లిన లేహీ సోదరులు, ప్రభుత్వ అధికారి జిమ్ టేలర్ 1933లో వాగీ లోయ మీదుగా విమానంలో వెళ్లి చూసేదాకా అక్కడ అంత పెద్ద జనాభా వ్యవసాయం చేసుకుంటూ జీవిస్తోందని బయటి ప్రపంచానికి తెలియదు. మన గుంటూరు సీమకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్‌కు నేల మీది ప్రయాణమే సరిపోయింది. అదే లూథరన్ సంప్రదాయం నుంచి 1886లో న్యూ గినీ తీరానికి చేరిన వారికి మాత్రం కొండ లోపలికి వెళ్లడం తరాల పని అయింది. ఆ దేశపు వాడుక భాష టోక్ పిసిన్‌లో విమానాన్ని ‘బాలుస్’ అంటారు. పావురానికి ఉన్న పేరే దానికీ పెట్టుకున్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇక ఉదయం సంగతి. హేగన్‌లో ఏడాది పొడుగునా ఆరు, ఆరున్నర మధ్య తెల్లవారుతుంది. నేను ఐదుంపావుకల్లా హ్యాంగర్‌లో ఉండేవాణ్ణి. మొదట టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరగాలి: ప్రొపెల్లర్ అంచులకు రాళ్లు తగిలిన గాట్లు, టైర్లలో కోతలు, బ్రేకు గొట్టాల దగ్గర తడి, ఇంజిన్ ఆయిల్ మట్టం చూసుకోవాలి. రాత్రి చలికి ట్యాంకుల్లో నీరు చేరి ఉండవచ్చు గనుక ప్రతి డ్రెయిన్ నుంచి ఇంధనం కొద్దిగా చిన్న గాజుపాత్రలోకి తీసి, అడుగున నీటి బొట్టు ఉందా అని వెలుతురుకు పట్టి చూడాలి. పదకొండేళ్లలో నీరు కనబడిన రోజులు చాలా తక్కువ. అయినా ఒక్క రోజు కూడా ఆ పని మరొకరికి అప్పగించలేదు. ఆ తరువాత సిబ్బంది అంతా పది నిమిషాలు నిలబడి వాక్యం చదివి ప్రార్థన చేసుకునేవాళ్లం. అందులో ఆ రోజు మేము వెళ్లబోయే గ్రామాల పేర్లు చదివేవారు. ఆ పేర్లు వింటుంటే రోజు పని అంతా ఒక్కసారి మనసులో గీసినట్టు ఉండేది.

ప్రార్థన అయిన వెంటనే రేడియో. గ్రామాల్లో మా తరఫున పనిచేసేవారు, తరచుగా ఒక ఉపాధ్యాయుడో పాస్టరో ఆరోగ్య కార్యకర్తో, తమ ఊరి వాతావరణం చెబుతారు. “బాగుంది” అన్న జవాబుతో మాకు పని జరగదు. ఎదురు కొండ మీద ఎంతవరకు చెట్లు కనబడుతున్నాయి, నది వెళ్లే కనుమ తెరిచి ఉందా మూసుకుందా, రాత్రి వాన ఎంతసేపు కురిసింది, గడ్డి మీద నీరు నిలిచిందా, గాలి దిశ చూపే గుడ్డ సంచి ఏ వైపు తిరిగి ఉంది అని అడగాలి. విమానం రావాలని ఎంతో ఆశగా ఎదురుచూస్తున్నవారే ఈ సమాచారం ఇస్తారు గనుక, వారి మాటలో ఆశ ఎంత, మబ్బు ఎంత అని విడదీసి వినడం నేర్చుకోవలసిన విద్య. నాకు దానికి రెండేళ్లు పట్టింది.

తరువాత కాటా. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర శిక్షణలో దీన్ని కాగితం మీది లెక్కగా చేసి వదిలేస్తారు. హేగన్ విమానాశ్రయం సముద్రమట్టానికి 5,388 అడుగుల ఎత్తున ఉంది. ప్రామాణిక వాతావరణం ప్రకారం ఆ ఎత్తులో ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీలు ఉండాలి. పగలు అక్కడ 24 డిగ్రీలు ఉందనుకుంటే, ఆ పలచబడ్డ గాలిలో రెక్కా ప్రొపెల్లరూ దాదాపు 7,700 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా పనిచేస్తాయి. మీటరు మీద కనిపించే వేగం మామూలుగానే ఉన్నా, నేల మీద చక్రాలు అంతకంటే ఎనిమిదింట ఒక వంతు ఎక్కువ వేగంతో పరుగెడుతుంటాయి. గ్రామాల్లో విమానం దిగే స్ట్రిప్పులు చాలావరకు ఐదువందల మీటర్ల లోపు గడ్డి నేలలు. అందుకే ప్రతి స్ట్రిప్పుకూ, ప్రతి పూటకూ ఇన్ని కిలోలే అనే హద్దు వేరుగా ఉంటుంది. దానికి తోడు ఇంధనం. క్యారవాన్ గంటకు సుమారు 200 లీటర్లు తాగుతుంది, అంటే దాదాపు 160 కిలోలు. ఒక గంట అదనపు ఇంధనం వేసుకుంటే ఇద్దరు మనుషులను వదిలి వెళ్లినట్టే. వెనక్కు తిరిగి రావడానికి కావలసిన ఇంధనం తగ్గించుకుని ఇద్దరిని ఎక్కించుకుంటే, ఆ మొత్తం మందికీ దారి మూసినట్టే.

కాబట్టి అన్నీ తూచాలి. బియ్యం బస్తాలు, డబ్బా చేపలు, బడి పుస్తకాలు, బైబిళ్లు, పైకప్పు రేకులు, మేకులు, టీకాల శీతల పెట్టెలు, సోలార్ పలకలు, అన్నిటినీ తూచాలి. మనుషులను కూడా వారి బిలుమ్ సంచితో సహా కాటా మీద నిలబెట్టాలి. బిలుమ్ అంటే ఆడవారు నుదుటికి తగిలించుకుని మోసే అల్లిక సంచి. పైకి ఖాళీగా కనిపించినా అందులో పదిహేను కిలోల కౌకౌ, అంటే చిలగడదుంపలు, ఉండవచ్చు, ఒక పసిబిడ్డ నిద్రపోతూ కూడా ఉండవచ్చు. పట్టణంలో చనిపోయిన వారి శవపేటికలను స్వగ్రామాలకు చేర్చడం మా పనిలో తరచుగా వచ్చేది. దుఃఖంలో ఉన్న కుటుంబం ముందు పేటికను తూకం వేయమని చెప్పడం నాకు చివరి సంవత్సరం కూడా కష్టంగానే అనిపించింది, కానీ తూయకుండా ఒక్కసారీ ఎక్కించలేదు.

ఆ నియమం అంత గట్టిగా పట్టుకోవడానికి నా తప్పే కారణం. మొదటి సంవత్సరంలో ఒక గ్రామంలో కాటా పాడైపోయి ఉంది. కాఫీ గింజల మూటలు ఒక్కొక్కటి ఇన్ని కిలోలని రైతులు చెప్పిన అంచనాను నమ్మి ఎక్కించుకున్నాను. ఎప్పుడూ చక్రాలు లేచే చోట ఆ రోజు లేవలేదు. స్ట్రిప్పు చివరి తెల్ల గుర్తులు ముక్కు కిందికి వచ్చేశాక విమానం గాలిని పట్టుకుంది. గొరోకా పట్టణంలో దింపి తూయిస్తే నేను రాసుకున్నదానికంటే 90 కిలోలు ఎక్కువ. ఆ రైతులు మోసం చేయలేదు, గింజలు సరిగా ఎండలేదు, అంతే. ఆ సాయంత్రమే మా ప్రధాన పైలట్‌కు జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. మరుసటి వారం నుంచి విమానం వెనుక భాగంలో ఒక స్ప్రింగ్ కాటా నా సొంత సామానుగా ఉండేది.

ఇప్పుడు ఎగరడం గురించి. ఆరున్నరకు బయలుదేరితే ఓక్సాప్‌మిన్ అనే ఊరి వైపు ప్రయాణం ముప్పావు గంటకు పైమాట. తెల్లవారుజామున లోయల అడుగున పాలు పోసినట్టు పొగమంచు పరుచుకుని ఉంటుంది, శిఖరాలు మాత్రం స్పష్టంగా ఉంటాయి. ఎండ ఎక్కిన కొద్దీ మంచు కరిగి మబ్బుగా లేచి కనుమలను పట్టుకుంటుంది. మంచు తొలగడానికీ, మబ్బు కమ్మడానికీ మధ్య ఉన్న కొన్ని గంటలే మా పనిదినం. కనుమ దాటేటప్పుడు లోయకు నడిమధ్యన కాకుండా ఒక పక్క కొండను ఆనుకుని వెళ్లాలి, ఎందుకంటే వెనక్కు తిరగవలసి వస్తే లోయ వెడల్పు మొత్తం మలుపుకు దొరుకుతుంది. కనుమ అవతల ఏముందో కనబడేదాకా దాటవచ్చునని అనుకోకూడదు.

నాకు బాగా తెలిసిన ఒక స్ట్రిప్పు పొడవు 480 మీటర్లు, వాలు 11 శాతం. అంటే కింది కొన కంటే పై కొన యాభై మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది, పదిహేను అంతస్తుల మేడంత. పై కొన దాటగానే కొండ గోడలా నిలబడి ఉంటుంది గనుక ఎప్పుడూ కింది నుంచి పైకే దిగాలి, పై నుంచి కిందికే ఎగరాలి, గాలి ఏ వైపు ఉన్నా సరే. ఇలాంటి చోట కన్ను మోసం చేస్తుంది. ఎగువకు లేచి ఉన్న నేలను చూస్తే మనం చాలా ఎత్తుగా ఉన్నామని అనిపిస్తుంది. ఆ భ్రమను నమ్మి కిందికి దిగితే స్ట్రిప్పు అంచుకు ముందే ఉన్న గట్టును ఢీకొంటాం. అందువల్ల వేగాన్నీ, దిగే చోటునూ, ఎత్తు తగ్గే రేటునూ ముందుగా నేర్చుకున్న అంకెలతో పోల్చుకుంటూ రావాలి.

దారిలో ఒక చోటు ఉంటుంది. అక్కడిదాకా మనసు మార్చుకోవచ్చు, అది దాటితే దిగడం తప్ప మరో మార్గం లేదు, మళ్లీ పైకి లేవడానికి కొండ చోటివ్వదు. ఆ చోటుకు చేరకముందే అన్ని ప్రశ్నలకూ జవాబు వచ్చి ఉండాలి: పందులు లేవా, పిల్లలు పక్కకు తప్పుకున్నారా, నిన్నటి వానకు కింది మూడో వంతులో గండి పడిందా, గాలి వెనుక నుంచి తోస్తోందా. ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోయినా వెంటనే పవర్ ఇచ్చి పక్కకు మళ్లాలి. చక్రాలు తాకిన తరువాత మామూలు రన్‌వే మీద చేసినట్టు పవర్ తీసేస్తే విమానం వాలు మధ్యలోనే ఆగిపోతుంది, కాబట్టి పైకి ఎక్కేదాకా ఇంజిన్‌తో తోసుకుంటూ వెళ్లి, పై కొనలో అడ్డంగా తిప్పి నిలిపి, చక్రాల కింద దిమ్మలు పెట్టాకే ఊపిరి పీల్చుకోవాలి.

అప్పుడు జనం వస్తారు. ప్రొపెల్లర్ పూర్తిగా నిలిచేదాకా తాడు అవతలే ఉండాలని పిల్లలకు కూడా తెలుసు. ఆ స్ట్రిప్పును తవ్వినవారు వాళ్ల తాతలు, ఇప్పటికీ గడ్డిని బుష్ నైఫులతో నరికి సరిచేసేవారు వాళ్లే. ఒక గంట సామాను దింపడం, మళ్లీ తూకం, మళ్లీ లెక్క. ఎగువకు దిగుతూ తెచ్చినంత బరువు అక్కడి నుంచి ఎత్తుకు పోవడానికి చాలాసార్లు కుదరదు. నడిచి రెండు రోజుల దూరం నుంచి వచ్చినవారికి “ఈ రోజు మీకు చోటు లేదు” అని చెప్పే బాధ్యత ఆ ఊళ్లో మా తరఫున పనిచేసే ఏజెంటుదైనా, నేను ఎప్పుడూ ఆయన పక్కన నిలబడి చెప్పేవాణ్ణి. పైలట్ ముఖం చూపకుండా విమానంలో కూర్చుంటే, ఆ నిర్ణయం బంధుత్వం కొద్దీ తీసుకున్నదని జనం అనుకునే ప్రమాదం ఉంది.

ఉదయం నాలుగైదు చోట్ల దిగడం అయ్యాక పదకొండు గంటలకు మబ్బు పెరగడం మొదలవుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చే పిలుపులే కష్టమైనవి. ఒక రోజు రెండున్నరకు రేడియోలో పిలుపు వచ్చింది. ఒక ఆమెకు ముందు రాత్రి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడికి ముప్పయి ఐదు నిమిషాలు. వెళ్లాను. లోయ పూర్తిగా మూసుకుంది. ఒక చోట మాత్రం రంధ్రంలోంచి నది మెరిసింది. ఆ రంధ్రంలోంచి దూరితే నది మీదుగా స్ట్రిప్పు దాకా వెళ్లవచ్చునేమో అని మూడుసార్లు చుట్టు తిరిగాను. కిందికి దూరాక వెనుక మూసుకుంటే తిరగడానికి చోటు ఉండదు. తిరిగి రావడానికి చాలినంత ఇంధనం, వెలుతురు మాత్రమే మిగిలిన హద్దుకు చేరుకున్నాను, వెనక్కు వచ్చేశాను. మర్నాడు ఆరూ నలభైకి అదే స్ట్రిప్పు మీద దిగాను. ఆమె ప్రాణంతో ఉంది. బిడ్డ రాత్రే పోయింది. ఆమెను హేగన్‌కు తెచ్చి, అక్కడి నుంచి కుడ్జిప్‌లోని నజరీన్ మిషన్ ఆసుపత్రికి బండిలో పంపాము, కోలుకుంది.

దారిలో ఆమె భర్త నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: “మూడుసార్లు మీ చప్పుడు మా పైన వినబడింది, తరువాత దూరమైపోయింది, మేము మీకు కనబడ్డామా?” కనబడలేదని చెప్పాను. మబ్బులో కొండ ఉంటుందని, లోపలికి వచ్చి ఉంటే మనం ఇద్దరం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదని, నా టోక్ పిసిన్‌లో ఎంత కుదిరితే అంత చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. రెండు నెలల తరువాత వెళ్లినప్పుడు నన్ను స్ట్రిప్పు కింది కొనకు తీసుకువెళ్లి, ఎదురు గట్టు మీద మూడు పెద్ద చెట్లు చూపించి, ఏ చెట్టు కనబడితే కనుమ తెరిచి ఉన్నట్టో అడిగి తెలుసుకున్నాడు. నేను ఆ దేశం వదిలేదాకా ఆ ఊరి వాతావరణం రేడియోలో చెప్పింది ఆయనే. అంత నమ్మదగిన సమాచారం నాకు మరే గ్రామం నుంచీ రాలేదు.

ధైర్యం గురించి మీరు అడిగినదానికి నా జవాబు ఇందులోనే ఉంది. మిషన్ విమానయానం అనగానే మన సంఘాల్లో యువకులు 1956 జనవరి 8న ఈక్వడార్‌లో చంపబడిన అయిదుగురు మిషనరీల సంగతి, వారి పైలట్ నేట్ సెయింట్ సంగతి చెబుతారు. ఆ త్యాగాన్ని నేను తక్కువ చేయను. అయితే పైలట్‌గా నేను ఆయన దగ్గర నేర్చుకున్నది వేరు: అడవి మీద ఎగురుతుండగా ఇంధన మార్గం మూసుకుపోతే ఏం చేయాలని ఆలోచించి, ఇంజిన్‌కు ఇంధనం వేరే దారిన అందించే ఏర్పాటును తన చేతులతో తయారుచేసుకున్న మనిషి ఆయన. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ తరఫున 1946లో మెక్సికోకు తొలి విమానం నడిపిన బెటీ గ్రీన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక విమానాలు నడిపిన అనుభవజ్ఞురాలు. న్యూ గినీలో ఆ సంస్థ పని 1951లో మొదలైంది. దాన్ని ప్రారంభించిన ఆస్ట్రేలియా పైలట్ హ్యారీ హార్ట్‌విగ్ అదే సంవత్సరం కొండల్లో కూలి మరణించారు. ఇప్పటి హద్దులు, అంకెలు, వెనుదిరిగే నియమాలు ఇలాంటి మరణాల నుంచి కూడా వచ్చినవే. ప్రార్థించాను గనుక మబ్బులోకి వెళ్లవచ్చునని అనుకునేవారితో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు. నా వెనుక కూర్చున్న తొమ్మిది మంది ప్రాణాలు నాకు అప్పగించబడ్డాయని నమ్మినవాడు ముందు కాటా సరిచూసుకుంటాడు.

ఆచరణలో మీకు కావలసినవి క్లుప్తంగా చెబుతాను. రెండు వందల గంటల లైసెన్సుతో ఈ పనికి నేరుగా తీసుకోరు. ఏదైనా చోట శిక్షకుడిగానో సరుకు విమానాల్లోనో గంటలు పోగుచేసుకోండి. వీలుంటే విమాన నిర్వహణ కూడా నేర్చుకోండి. అమెరికాలోని స్పోకేన్‌లో మూడీ ఏవియేషన్, ఆస్ట్రేలియాలో మరీబా పట్టణంలోని శిక్షణ కేంద్రం ఈ పనినే దృష్టిలో పెట్టుకుని శిక్షణ ఇస్తాయి. జీతం చాలావరకు మీ సొంత సంఘాలు, స్నేహితుల చందాల నుంచి సమకూర్చుకోవాలి. దానికి ఒకటి రెండేళ్లు పట్టినా నిరుత్సాహపడకండి. వెళ్లాక మొదటి కొన్ని నెలలు ప్రతి స్ట్రిప్పుకూ అనుభవజ్ఞుడు పక్కన కూర్చుని సంతకం పెడితేనే ఒంటరిగా వెళ్లనిస్తారు. ఆ ఆలస్యాన్ని అవమానంగా తీసుకోకండి.

అమ్మగారికి చెప్పవలసినది కూడా ఆ దినచర్యలోనే ఉంది. బయలుదేరిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ మేము రేడియోలో చెబుతాం. అనుకున్న వేళకు కబురు రాకపోతే వెతకడానికి ఎవరు లేవాలో ముందే రాసి ఉంటుంది. చీకటి పడకముందే విమానాలన్నీ ఇల్లు చేరాలి. అక్కడ సాయంత్రం ఐదైతే మన దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర. నేను విమానాన్ని తాళ్లతో నేలకు కట్టి, మరుసటి రోజు తూకాల కాగితం బల్ల మీద పెట్టి, మా అమ్మకు ఫోన్ చేసేది ఆ వేళకే. ఆమె నాన్నకు అన్నం వడ్డిస్తూ ఉండేది. క్యారవాన్ అంటే ఏమిటో, హేగన్ ఎక్కడుందో ఆమెకు పెద్దగా తెలియదు. పదకొండేళ్లూ ఆమె మొదట అడిగింది ఒక్కటే: “విమానం కట్టేశావా, నాన్నా?”